చెడిపోయిన హార్డ్ డిస్కును ఎవరి చేతిలో పెట్టాలి? నా అనుభవం

విజయవాడలో పుస్తకాలకు డీటీపీ చేస్తాను. కంపోజింగ్, పేజీల అమరిక, ప్రూఫులు దిద్దడం, ప్రెస్సుకు ఫైళ్లు పంపడం, అంతా మా ఇంటి ముందుగదిలోనే. 2024 నవంబరు 4, సోమవారం ఉదయం నా రెండు టెరాబైట్ల పోర్టబుల్ హార్డ్ డిస్కును కంప్యూటరుకు తగిలిస్తే అది ఎన్నడూ లేని చప్పుడు చేసింది. టిక్కు, టిక్కు, టిక్కు. కాసేపు ఆగి మళ్లీ అదే. ఆ తర్వాత లోపల తిరగడం కూడా ఆగిపోయింది. తెర మీద దాని పేరు కనిపించలేదు. వైరు తీసి పక్కన పెట్టేసి కుర్చీలో కూలబడ్డాను.

2019 వరకు చేసిన పుస్తకాలు వేరే డిస్కులో కూడా ఉన్నాయి. ఆ తర్వాతి పనంతా దీనిలోనే ఉంది. అందులో మూడు పుస్తకాలు ఇంకా నడుస్తున్నాయి. రెండింటి రాతప్రతులు, దిద్దిన ప్రూఫులు రచయితల దగ్గర ఉన్నాయి, కష్టపడితే మళ్లీ చేసుకోవచ్చు. మూడోది ఒక కవిగారి సమగ్ర సంపుటి. ఆయన ఆ ఏడాది వేసవిలో కన్నుమూశారు. అంతకుముందు కొన్ని నెలలపాటు వచ్చి నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, ప్రతి కవితా చదివించుకుని, మార్పులన్నీ నోటితోనే చెప్పారు. చూపు మందగించడంతో కాగితం మీద రాయడం మానేశారు. ఆ మార్పులు ఈ లోకంలో ఉన్నది ఆ డిస్కు మీదే. జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలో ఆవిష్కరణ ఉంటుందని ఆయన భార్య బంధువులందరికీ చెప్పుకున్నారు.

ఆ మధ్యాహ్నం మా కంప్యూటర్లు చూసే అబ్బాయిని పిలిచాను. చప్పుడు ఎలా వచ్చిందో నోటితో చేసి చూపమన్నాడు. నేను చూపగానే, "అన్నా, దీనికి ఇంకోసారి కరెంటు ఇవ్వొద్దు" అన్నాడు. డిస్కు లోపల ప్లాటర్లు, అంటే డేటా రాసి ఉండే గుండ్రటి పలకలు, నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటాయి, వాటి మీద నానోమీటర్లలో కొలిచేంత ఎత్తున, డేటాను చదివే, రాసే హెడ్లు తేలుతుంటాయి. హెడ్డు దెబ్బతిన్నాక కూడా తిప్పుతూ పోతే అది ప్లాటరు పూతను గీకేస్తుంది, గీకిన చోట ఉన్న డేటా పొడిగా మారిపోతుంది, దాన్ని ఎవరూ తేలేరు. ఈలోపు ఫోన్లో స్నేహితులు తలా ఒక సలహా ఇచ్చారు. ఫ్రిజ్‌లో పెట్టమని ఒకరు, మెల్లగా తట్టమని ఒకరు, ఫలానా సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది, వేసి చూడమని ఇంకొకరు. ఫ్రిజ్‌లోంచి బయటకు తీస్తే లోపల తేమ పేరుకుంటుంది. సాఫ్ట్‌వేరు పనిచేయాలంటే ముందు కంప్యూటరు ఆ డ్రైవును గుర్తించాలి. ఏదైనా ఫైలు పొరపాటున చెరిపేసినప్పుడు అది పనికొస్తుంది గానీ టిక్కుమనే డ్రైవు మీద వాడితే చంపడమే.

ఆ అబ్బాయి అప్పుడు చేసిన ఒక పని తర్వాత నన్ను కాపాడింది. ప్లాస్టిక్ తొడుగు జాగ్రత్తగా ఊడదీసి, లోపలి డ్రైవు లేబులు మీది మోడలు, సీరియల్ నంబరు, తయారైన తేదీ, వెనకున్న ఎలక్ట్రానిక్ బోర్డు, అన్నిటికీ దగ్గరగా ఫోటోలు తీయించాడు. తర్వాత మా ఆవిడను గోళ్ల రంగు అడిగి తెచ్చుకున్నాడు. మూత బిగించిన ప్రతి స్క్రూ మీద, సగం స్క్రూ తల మీద సగం మూత మీద పడేలా, ఒక్కో చుక్క పెట్టాడు. కొన్ని డ్రైవుల్లో ఒక స్క్రూ లేబులు కింద దాగి ఉంటుందట, అందుకని లేబులు అంచు మీద కూడా రెండు చుక్కలు. "ఎవరైనా విప్పితే ఇది పగులుతుంది" అన్నాడు. ఆరాక వాటికీ ఫోటో తీశాం. "ఇది నా పని కాదన్నా. షాపులో కూర్చుని తెరుస్తానని ఎవరన్నా, వాళ్లకు మాత్రం ఇవ్వకు" అని చెప్పి, నేను ఇవ్వబోయిన డబ్బు తీసుకోకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు ఊళ్లోనే ఒక దుకాణానికి వెళ్లాను. బయట బోర్డు మీద డేటా రికవరీ అని పెద్దక్షరాలు. లోపల బల్ల మీద ఎవరిదో హార్డ్ డిస్కు మూత తీసి ఉంది. పైన సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది. పక్కనే టీ గ్లాసు. కుర్రాడు ఫోన్లో మాట్లాడుతూనే చేత్తో హెడ్ల చేతిని పక్కకు జరిపాడు. అద్దంలా మెరిసే ప్లాటరు మీద అతని వేలిముద్ర నాకు స్పష్టంగా కనిపించింది. ఆ డిస్కు ఎవరిదో, అందులో ఏముందో తెలియదు గానీ నా కడుపులో దేవినట్టయింది. ధర కూడా అడగకుండా బయటకు వచ్చాను.

నవంబరు 7న ఒక పెద్ద కంపెనీ వాళ్లకు ఇచ్చాను. దేశమంతా శాఖలున్నాయని చెప్పుకునే సంస్థ. పరిశీలన ఉచితం, డేటా రాకపోతే రుసుము లేదు అన్నారు. మా ఊళ్లో ఉన్నది శాఖ కాదు, డ్రైవులు సేకరించి పంపే కౌంటరు మాత్రమేనని అక్కడికి వెళ్లాకే తెలిసింది. ల్యాబు ఎక్కడ అంటే "హెడ్ ఆఫీసు" అన్నారు, ఏ ఊరంటే తెలియదన్నారు. అయినా పేరున్నవాళ్లు కదా అని ఇచ్చాను. రసీదులో సీరియల్ నంబరు రాయమంటే మొదట అక్కర్లేదన్నారు, పట్టుబట్టి రాయించుకున్నాను. రసీదు వెనక సన్నటి అక్షరాల్లో షరతులున్నాయి. డ్రైవుకు నష్టం జరిగితే సంస్థ బాధ్యత లేదనీ, నిర్ణీత గడువులోగా తీసుకోకపోతే పారేస్తామనీ ఉంది. వెనక్కి పంపేటప్పుడు తీసుకునే రుసుము ఎంతో మాత్రం అంకె వేయలేదు. అలాంటి ఖాళీ కనిపిస్తే అక్కడే ఆగి అంకె రాయించుకోండి.

మూడు నాలుగు రోజుల్లో చెబుతామన్నారు. వారం దాటినా ఉలుకూ పలుకూ లేదు. ఫోను చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకోవాలి. కార్తీక పౌర్ణమి రోజు కవిగారి భార్య ఫోను చేశారు. "బాబూ, కవరు పేజీ అయిందా? ఆయన ఫోటో ఏది పెట్టావు?" అని అడిగారు. డిస్కు సంగతి ఆవిడకు అప్పటికి చెప్పలేదు. "చేస్తున్నానమ్మా" అన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

నవంబరు 19న ఈమెయిలు వచ్చింది. ప్లాటర్ల మీద గీతలు పడ్డాయి, అత్యంత క్లిష్టమైన కేసు, 68,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. సగం ముందే కట్టాలి. గీతల ఫోటో పంపమన్నాను. పంపారు. అందులో ఒక తెరిచిన డ్రైవు ఉంది, దాని మీద గుండ్రటి గీత కూడా ఉంది, కానీ లేబులు లేదు, సీరియల్ నంబరు లేదు. నాదే అనడానికి ఏ ఆనవాలూ లేదు. డ్రైవు వెనక్కి పంపండి, నేను ఒప్పుకోవడం లేదు అన్నాను. ఆ సాయంత్రమే ఒకాయన ఫోను చేసి 45,000కు చేస్తామన్నాడు. మర్నాడు ఇంకొకరు, ఈరోజే కడితే 30,000 అన్నారు. ప్లాటర్ల మీద నిజంగా గీతలు ఉంటే పని అంతే ఉంటుంది కదా, ధర రోజుకో రకంగా ఎలా పడిపోతుంది అని అడిగాను. పైవాళ్లను అడిగి చెబుతానన్నారు, ఎవరూ చెప్పలేదు.

వెనక్కి ఇవ్వడానికి 2,500 రూపాయల రుసుము, కొరియరు ఖర్చు వేరుగా అడిగారు. ఉచిత పరిశీలనకు ఈ రుసుము ఎందుకని వాదించాను. కట్టనిదే డ్రైవు కదలదన్నారు. కట్టాను, రసీదు తీసుకున్నాను. నవంబరు 26న డ్రైవు చేతికి వచ్చింది. కంప్యూటర్లు చూసే ఆ అబ్బాయిని పిలిచి భూతద్దం పెట్టి ఒక్కో చుక్కా చూపించాను. గోళ్ల రంగు ఒక్కచోట కూడా చిట్లలేదు. లేబులు అంచు లేవలేదు. మూత తీయకుండా ప్లాటర్ల మీద గీతలు చూడడం ఎవరికీ సాధ్యం కాదు. అంటే వాళ్లు నా డ్రైవు తెరవనే లేదు.

నాకు పట్టలేనంత కోపం వచ్చింది. వెంటనే అంతకంటే పెద్ద ఊరట కూడా కలిగింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. నేను ఆపేసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది.

ఈసారి ప్రకటనలు చూడలేదు. నిజంగా డేటా వెనక్కి తెచ్చుకున్నవాళ్ల కోసం వెతికాను. గుంటూరులో పెళ్లిళ్లకు వీడియోలు తీసే ఒక పరిచయస్థుడు గతంలో ఇదే బాధ పడ్డాడు. సికింద్రాబాదులో ఒక చిన్న ల్యాబు పేరు చెప్పాడు. "డబ్బు తక్కువేం కాదు, కానీ నాకు రాని వాటి జాబితా కూడా ఆయనే ఇచ్చాడు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ఇంకోవైపు నుంచి సరిచూసుకుందామని సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో ఒక పాత దుకాణానికి ఫోను చేశాను. ఆ దుకాణదారు దాపరికం లేకుండా మాట్లాడారు. "మేం చేయమండీ, తీసుకుని ఇంకొకరికి పంపుతాం, మధ్యలో మాకింత ఉంటుంది. మీరే నేరుగా వెళ్తే మంచిది" అని ఆయనా అదే పేరు చెప్పారు. ఒకరికొకరు తెలియని ఇద్దరు ఒకే మనిషిని చూపారు.

వెళ్లేముందు ఆ ల్యాబు నడిపే ఆయనను ఫోన్లో అడగాల్సినవన్నీ అడిగాను. డ్రైవు ఎవరు తెరుస్తారు, ఎక్కడ తెరుస్తారు, నేను చూడవచ్చా, డబ్బు కట్టకముందు ఫైళ్లు చూపుతారా, రాకపోతే నేను ఎంత కట్టాలి. ఆయన దేనికీ విసుక్కోలేదు. డేటా వస్తుందా అని అడిగితే, "చూడకుండా చెబితే అది అబద్ధమవుతుందండీ" అన్నారు. కొరియరులో పంపనా అంటే, వీలైతే చేత్తో తెమ్మన్నారు, తప్పకపోతే ఎలా చుట్టాలో చెబుతానన్నారు.

నవంబరు 28, గురువారం పొద్దున్నే శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. డ్రైవును యాంటీస్టాటిక్ కవరులో పెట్టి, చుట్టూ స్పాంజి వేసి, బ్యాగులో పెట్టుకుని, ఆ బ్యాగును సికింద్రాబాదు దాకా ఒళ్లోంచి దించలేదు. సీటు కింద పెట్టమని పక్కనున్న పెద్దాయన రెండుసార్లు అన్నారు. బండి కుదుపులకు నా గుండె కొట్టుకున్న తీరు నాకే తెలుసు.

ల్యాబు ఒక అపార్టుమెంటు పై అంతస్తులో రెండు గదులు. ఒక గోడ నిండా పాత డ్రైవులు, ఒక్కోదానికి మోడలు, తయారీ తేదీ రాసిన చీటీ. ఎవరి డ్రైవులోనైనా హెడ్లు పోతే వీటి నుంచే తీసి వేస్తారు, వీటిని డోనర్ అంటారు. రెండో గదిలో మూడు వైపులా అద్దాలున్న బల్ల, వెనక నుంచి వడకట్టిన గాలి వీస్తుంటుంది. "మాకు క్లీన్‌రూమ్ లేదండీ, ఇది క్లీన్ బెంచ్" అని ఆయనే ముందు చెప్పారు. గది అంతా శుభ్రం కాదు, ఈ అద్దాల మధ్య గాలి మాత్రమే శుభ్రం అన్నారు. ఇలాంటి బల్ల గాలి శుభ్రతకు కొలత క్లాస్ 100, అంటే ఘనపుటడుగు గాలిలో అర మైక్రాను, అంతకు మించిన రేణువులు వందకు మించకూడదు. ఆయన రేణువులు లెక్కపెట్టే చిన్న పరికరం బల్ల మీద పెట్టి నాకు అంకె చూపారు. తర్వాత దాన్నే పట్టుకుని గది మధ్యకు వస్తే అంకె వేలల్లోకి ఎగబాకింది. విజయవాడ దుకాణంలోని ఫ్యాను గుర్తొచ్చింది.

డ్రైవు ముట్టుకునే ముందు ఆయన చాలాసేపు ప్రశ్నలు అడిగారు. కింద పడిందా? చివరిసారి ఎప్పుడు పనిచేసింది? ఎవరైనా తెరిచారా? అన్నిటికంటే ముందు ఏ ఫోల్డరు కావాలి, రెండోది ఏది, మూడోది ఏది? అవన్నీ నా చేత్తోనే ఒక కాగితం మీద వరుసగా రాయించారు. ఇప్పటిదాకా ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. కొత్త హెడ్లు వేసినా అవి ఎంతసేపు నిలుస్తాయో తెలియదు, కాబట్టి ముఖ్యమైనవి ముందు లాగాలి అన్నారు. కవిగారి ఫోల్డరు పేరు మొదట రాశాను.

ధర కూడా కాగితం మీద పెట్టారు. పరిశీలనకు 1,500, ఇది తిరిగి రాదు. హెడ్లు మార్చాల్సి వస్తే డోనర్ డ్రైవుకు 9,000, డేటా వచ్చినా రాకపోయినా నాదే. పని రుసుము 22,000, నేను రాసిన మొదటి రెండు ఫోల్డర్లు తెరుచుకుంటేనే. డోనర్ ధర, పని రుసుము, ఈ రెండింటి మీదా జీఎస్టీ 18 శాతం. డేటా రాకపోతే రుసుము లేదని మొదటి కంపెనీ కూడా అంది, కానీ ఏది వస్తే డేటా వచ్చినట్టో వాళ్లు ఎక్కడా రాయలేదు. పది సినిమా పాటలు వచ్చినా వచ్చినట్టే అనవచ్చు. ఇక్కడ నా ఫోల్డర్ల పేర్లతో రాసి సంతకం పెట్టారు. అచ్చుకాని రాతప్రతులు కాబట్టి గోప్యత గురించి అడిగాను. డేటా అప్పగించాక ఒక వారం మాత్రమే కాపీ ఉంచుతాననీ, ఆ తర్వాత చెరిపేస్తాననీ, ఎవరికీ చూపననీ దానిలోనే ఇంకో వాక్యం చేర్చారు.

అద్దం ఇవతల నిలబడి చూశాను. గోళ్ల రంగు చుక్కలు చూసి ఆయన నవ్వి, "ఇది అందరూ చేయాలి" అన్నారు. స్క్రూలు తీశారు, లేబులు కింది స్క్రూ కూడా. మూత లేచింది. రెండు ప్లాటర్లు, నాలుగు హెడ్లు. టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుని నెమ్మదిగా తిప్పారు. ఉపరితలం మీద ఒక్క గీత లేదు. మైక్రోస్కోపు తెర మీద హెడ్లు చూపారు. మూడు సమంగా ఉన్నాయి, ఒకదాని కొస పక్కకు ఒరిగి ఉంది. సీరియల్ నంబరు లేబులూ తెరిచిన లోపలి భాగమూ ఒకే ఫ్రేములో పడేలా ఫోటో తీసి నా ఫోనుకు పంపారు. 68,000 అడిగిన ఫోటో పక్కన దీన్ని పెట్టి చూసుకుంటే ఒళ్లు మండిపోయింది.

ఇంకో సంగతి తెలిసింది. నాలాంటి పోర్టబుల్ డ్రైవుల్లో యూఎస్‌బీ సాకెట్టు బోర్డు మీదే అతికి ఉంటుంది. వాటిలో చాలా రకాలు మనం పాస్‌వర్డు పెట్టకపోయినా డేటాను గుప్తలిపిలో రాస్తాయి, ఆ పని చేసే చిప్పు బోర్డు మీద ఉంటుంది. బోర్డు పోతే తాళంచెవి పోయినట్టే. హెడ్ల సర్దుబాటు విలువలు కూడా ఒక్కో డ్రైవుకు ఒక్కో రకంగా ఉండి బోర్డు మీది చిన్న చిప్పులోనే నిల్వ ఉంటాయి. అదే మోడలు బోర్డు కొని మార్చేస్తే సరిపోతుందని చెప్పేవాళ్లను దూరం పెట్టాలని ఆయన గట్టిగా చెప్పారు.

డోనర్ దొరకడమే ఆలస్యమైంది. మోడలు ఒకటే అయితే చాలదు, హెడ్ల సంఖ్య కలవాలి, తయారీ తేదీ దగ్గరగా ఉండాలి. ఆయన గోడమీద లేదు. చెనాయ్ ట్రేడ్ సెంటర్లో దొరకలేదు. చివరికి ఢిల్లీ నెహ్రూ ప్లేస్ నుంచి తెప్పించారు, డిసెంబరు 9న చేరింది. ఈ మధ్యలో ఆయన అడగకుండానే రెండు రోజులకోసారి ఒక సందేశం పెట్టేవారు. "ఈరోజూ దొరకలేదు" అన్న సందేశమే అయినా నాకు ధైర్యంగా ఉండేది. డిసెంబరు మొదటివారంలోనే కవిగారి ఇంటికి వెళ్లి ఆవిడకు ఉన్నదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయన చెప్పిన మార్పులు నీకేమైనా గుర్తున్నాయా బాబూ?" అని అడిగారు. గుర్తున్నవి రాసిచ్చాను, ఒక పేజీ కూడా నిండలేదు.

హెడ్లు మార్చాక పీసీ-3000 అనే యంత్రానికి తగిలించి, ఫైళ్లు ఏరడం కాకుండా డిస్కు మొత్తాన్ని సెక్టారు (డిస్కు మీది చిన్న గడి) తర్వాత సెక్టారుగా వేరే డిస్కు మీదికి నకలు తీస్తారు. ఏ పనైనా ఆ నకలు మీదే. నా డ్రైవు రకంలో ట్రాకులు, అంటే డేటా రాసే వలయాలు, ఒకదాని అంచు మీద ఇంకొకటి పడేలా రాసి ఉంటాయట, పని లేనప్పుడు కూడా అది లోపల తనంతట తాను సర్దుకుంటూ ఉంటుంది. ముందు ఆ సర్దుబాటును ఆపి, తర్వాత బాగున్న మూడు హెడ్ల వైపులన్నీ చదివి, దెబ్బతిన్న హెడ్డు ఉండిన వైపును చివర్లో చదవడానికి ఉంచారు. ఆ నాలుగో వైపు చదువుతుండగా కొత్త హెడ్డు కూడా మొరాయించింది. నకలు పూర్తిగా కాలేదు. డిసెంబరు 16న ఫోను చేసి, "ఆ వైపు కొంత రాలేదండీ. చిన్న ఫైళ్లు చాలావరకు బతుకుతాయి, పెద్దవాటిలో ఖాళీలుంటాయి" అన్నారు. డేటా నాలుగు వైపులా ముక్కలుగా పరుచుకుని ఉంటుంది కాబట్టి, పెద్ద ఫైలు ఆ నాలుగో వైపును తాకక తప్పదు. నేను పుస్తకాల పేజీలు అమర్చే పేజీమేకర్ సాఫ్ట్‌వేరు ఫైళ్లు చిన్నవి. ఆ క్షణం నుంచి నాకు ఆశ పెరిగింది.

దూరం నుంచే తన తెర నాకు కనిపించేలా పెట్టి ఫైళ్ల జాబితా చూపారు. ఫోల్డర్ల పేర్లన్నీ ఉన్నాయి. నేను సంబరపడుతుంటే ఆయనే ఆపారు. పేర్లు వేరే పట్టికలో ఉంటాయి, పేరు వచ్చినంత మాత్రాన లోపల సరుకు వచ్చినట్టు కాదు, తెరిచి చూడాలి అన్నారు. తెరుద్దామంటే ఆయన దగ్గర పేజీమేకర్ లేదు, మేం తెలుగుకు వాడే అను ఫాంట్లు లేవు. తెలుగు డీటీపీ చేసేవాళ్లకు ఈ చిక్కు ప్రత్యేకం. అను ఫాంట్లు లేని కంప్యూటరులో మన అక్షరాలన్నీ పిచ్చి గుర్తుల్లా కనిపిస్తాయి, ఫైలు పాడైందో బాగుందో బయటివాళ్లు చెప్పలేరు. డిసెంబరు 18న నా ల్యాప్‌టాప్ తీసుకుని మళ్లీ శాతవాహన ఎక్కాను. మీరు వాడే సాఫ్ట్‌వేరు మామూలుది కాకపోతే, దాన్ని మీరే పట్టుకెళ్లండి.

కవిగారి ఫైలు మొదట తెరిచాను. తెరుచుకుంది. పేజీలు ఒక్కొక్కటే తిప్పాను. ఒక దీర్ఘకవితలో ఆయన చివరి చరణం తీసేయించి, ఆ చోట ఏమీ నింపవద్దని, అర పేజీ తెల్లగా వదలమని చెప్పారు. ప్రెస్సువాళ్లు పొరపాటనుకుంటారేమో అని నేనంటే, అనుకోనివ్వు అన్నారు. ఆ పేజీ వచ్చింది. అర పేజీ తెల్లగా అలాగే ఉంది. ఆ ల్యాబు కుర్చీలో నాకు కళ్లు చెమర్చాయి. ల్యాబు ఆయన నీళ్ల గ్లాసు ఇచ్చి, మాట్లాడకుండా పక్క గదిలోకి వెళ్లారు.

మిగతా రెండు పుస్తకాలూ తెరుచుకున్నాయి. పోయినవీ ఉన్నాయి. ఫోటోషాప్‌లో చేసిన రెండు ముఖచిత్రాలు కింది సగం బూడిద రంగు పట్టీలుగా మారాయి. 2021లో ఒక గ్రంథాలయానికి స్కాన్ చేసిన పాత పత్రికల పేజీల్లో చాలా భాగం పోయింది, అవి పెద్ద ఫైళ్లు. గుంటూరు పరిచయస్థుడు చెప్పినట్టే ఆయన రాని ఫైళ్ల జాబితా కూడా అచ్చు తీసి ఇచ్చారు. ఇవికాక పేర్లు లేకుండా దొరికిన ఫైళ్లు ఒక ఫోల్డరు నిండా ఉన్నాయి. ఒక్కో దాన్ని తెరిచి చూస్తే తప్ప ఏదో తెలియదు. ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే యూనికోడ్ అయితే లోపలి తెలుగు మాటతో వెతకవచ్చు, అనులో ఆ వీలు లేదు. రోజూ రాత్రి భోజనం తర్వాత కొన్ని చొప్పున తెరిచి పేర్లు పెడుతున్నాను, ఇంకా సగం కూడా కాలేదు.

ఆ రోజే డబ్బు కట్టాను. డోనరు, పని రుసుము కలిపి 31,000, జీఎస్టీతో 36,580. పరిశీలనకు ముందే ఇచ్చిన 1,500 వేరు. డేటా వేసుకోవడానికి కొత్త డ్రైవులు రెండు నేనే కొనుక్కెళ్లాలి, వాటికి 13,000 అయింది. ఒకటి ఇప్పుడు మా బావమరిది ఇంట్లో ఉంటోంది. అంతా కలిపి యాభై ఒక్క వేలు, రైలు ఖర్చులూ మొదటి కంపెనీకి పోయిందీ కాక. నాలాంటివాడికి ఇది చిన్న మొత్తం కాదు, రెండు పుస్తకాల పని డబ్బు దీనికే పోయింది. కవిగారి భార్య కొంత ఇస్తానన్నారు, తీసుకోలేదు. పాత డ్రైవు, దాని బోర్డుతో సహా, వెనక్కి తెచ్చుకున్నాను. వారం తర్వాత డేటా చెరిపేశానని ల్యాబు నుంచి సందేశం వచ్చింది.

డిసెంబరు 20న ఫైళ్లు ప్రెస్సుకు వెళ్లాయి. ముఖచిత్రం మళ్లీ చేశాను, ఫోటో ఆవిడే ఎంచారు. పుస్తక మహోత్సవం ముగిసేలోపు పుస్తకం వచ్చింది.

మొదటి కంపెనీ మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. రసీదు, వాళ్ల ఈమెయిలు, ఆ లేబులు లేని ఫోటో, పగలని గోళ్ల రంగు చుక్కల ఫోటోలు, ల్యాబు తీసిన ఫోటో, అన్నీ జతచేశాను. పరిశీలన వివరాలు ఇవ్వడానికి కంపెనీ గడువు అడిగిందని ఒకసారి సమాచారం వచ్చింది. ఆ 2,500 వెనక్కి రావాలని కంటే, చూడని గీతల పేరుతో ధర ఎలా వేశారో వాళ్ల చేత రాతలో చెప్పించాలని నా పట్టుదల. జవాబు వచ్చేదాకా ఆ ఫిర్యాదు వదలను.